చిన్నల్లుడుగారి కాఫీ, నా బోల్టు

డెబ్బైల నాటి మాట. పామర్రు దగ్గర అత్తగారి ఊళ్లో మా మామగారు ఆయిలింజను సైలెన్సరు ఊడదీయబోతే బోల్టు విరిగి, సగం ముక్క ఇంజను హెడ్డులోనే ఉండిపోయింది. కాలవలో నీళ్లు అడుగంటాయి. ఇంజనుతో తోడకపోతే నారుమడి ఎండిపోతుంది. నేను పెద్దల్లుణ్ణి, పైగా బెజవాడ లారీ షెడ్డులో పని. కబురు రాగానే ఎగురుకుంటూ వెళ్లాను.

వెళ్లేసరికి వరండాలో పడక్కుర్చీ మీద, టెరిలిన్ చొక్కా వేసుకుని, కొత్తగా వచ్చిన చిన్నల్లుడు. బ్యాంకు ఉద్యోగం. మా మరదలితో పెళ్లయి నెల కాలేదు. అతను రాకముందు ఆ కుర్చీ నాది. చూడగానే ఒళ్లు మండింది.

నాకు పెరట్లో గోనెపట్టా పరిచారు. ఇంజను నుంచి విప్పిన హెడ్డు ముందేసుకుని, విరిగిన ముక్కకు నడిమధ్యన చేతి డ్రిల్లుతో బెజ్జం వేశాను. ఇక హెడ్డును వేడి చెయ్యాలి.

“అత్తయ్యగారూ, కుంపటి కావాలండీ.”

“కాసేపాగు బాబూ, చిన్నల్లుడుగారికి కాఫీ పెడుతున్నా.”

నారుమడి కన్నా ఆయన కాఫీ ఎక్కువైపోయింది! నాకూ ఇచ్చారులెండి, పొద్దుటిది వెచ్చబెట్టి, స్టీలు గ్లాసులో. ఆయనకు వెండి గ్లాసు. పెళ్లయిన కొత్తలో ఆ గ్లాసుతో నేనూ తాగాను.

ఎట్టకేలకు కుంపటి వచ్చింది. హెడ్డు బాగా కాలాక బోల్టు చుట్టూ కొవ్వొత్తి ఆనించాను. మైనం కరిగి, బోల్టు మరల్లోకి నూనెలా దిగింది. పాత ఆకురాయి తోకను నలుపలకలుగా అరగదీసి, బెజ్జంలోకి దిగగొట్టి, స్పానరుతో ఎడమకు తిప్పసాగాను. అదీ లోపల విరిగిందంటే హెడ్డు పోయినట్టే. ఈ ఇంట్లో నాకు మిగిలిన కాస్త విలువా పోయినట్టే.

అంతలో చిన్నల్లుడు పెరట్లోకి వచ్చాడు. “నేనూ ఓ చెయ్యి వెయ్యనా అన్నయ్యగారూ?”

మామగారు కంగారుపడిపోయారు. “అయ్యయ్యో, మీరెందుకండీ! చొక్కా మాసిపోద్ది. వెళ్లి కూర్చోండి.” ఆ వెంటనే నా వైపు తిరిగి, “అట్టా కాదు, గట్టిగా పట్టు” అంటూ పంచె ఎగ్గట్టి నా ఎదురుగా కూర్చుని హెడ్డు అదిమిపట్టారు. చిన్నల్లుడు కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

బోల్టు కిర్రుమంది. కదిలింది. ముక్క చేతికొచ్చింది. భోజనాల వేళకు ఇంజను ఆడుతోంది, మళ్లోకి నీళ్లు పారుతున్నాయి.

మసి చేతులు కడుక్కుని నేనూ మామగారూ వంటింట్లోనే పీటలేసుకున్నాం. మూకుట్లోంచి వేడివేడి గారెలు నేరుగా మా కంచాల్లో పడుతున్నాయి. అత్తగారు మామగారి మొరటుతనాన్ని తిడుతున్నారు, ఆయన ఆ నేరం నా మీదికి నెడుతున్నారు, అందరం నవ్వుతున్నాం. హాల్లో చిన్నల్లుడు ఒక్కడే పెద్ద అరిటాకు ముందు కూర్చుని, తినడం ఆపి, వంటింటి వైపు చూస్తున్నాడు. అది కుళ్లే. పొద్దుటినుంచీ నా కడుపులో రగులుతున్నదే, గుర్తుపట్టలేనా?

పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. నేను పిలవలేదు.

“అత్తయ్యగారూ, ఇంకో గారె వెయ్యండి” అన్నాను, హాల్లోకి వినబడేలా.