తడపకూడని గుడ్డ

జనగామలో జిన్నింగ్ మిల్లు పక్కనుంచి ఆస్పత్రికి నడుస్తుంటే గాలిలో తేలే దూది నూగు ముక్కులో దూరి తుమ్ము తెప్పిస్తుంది. ఆ తుమ్ముతో పాటే యాదమ్మ సిస్టర్ గుర్తొస్తుంది. మహబూబాబాద్‌లో నేను కొత్త నర్సుగా చేరినప్పుడు ఆపరేషన్ థియేటర్‌కు ఆమే పెద్ద దిక్కు. అబ్బ, ఆ చేతుల్లో ఎంత నెమ్మది! నాకేమో అన్నిటికీ తొందరే.

ఒక మధ్యాహ్నం తండా నుంచి బుజ్జి అనే పత్తి కూలీని తెచ్చారు. పత్తి బస్తాల ట్రాక్టరు మీదినుంచి పడి కాలేయం చీలింది. డాక్టరుగారు చీలికను కుట్టేశారు. అయినా చుట్టూ నెత్తురు చెమట పట్టినట్టు ఊరుతూనే ఉంది. ఎక్కించడానికి తెచ్చిన రక్తం చివరికొచ్చింది. యాదమ్మ చిన్న పొట్లం విప్పి, నెత్తురు ఆపే వలలాంటి తెల్ల గుడ్డముక్కను నా ముందున్న ట్రేలో పెట్టింది. ఏ గుడ్డనైనా సెలైన్‌లో తడిపి అందించడం నాకు అలవాటు. అలాగే ముంచేశాను.

"దీన్ని ఎవరు తడిపిన్రు?" అని డాక్టరుగారు అరిచారు. తడిస్తే అది సరిగా పనిచేయదట.

"పిల్ల తడిపింది సార్. తడపొద్దని నేనే చెప్పలే," అంది యాదమ్మ. అంటూనే మిగిలిన ఒకే ఒక్క పొట్లం విప్పి, పొడి గుడ్డను ఆయనకు అందించింది.

ఆయన దాన్ని గాయం మీద పరిచి అదిమిపట్టారు. తెల్లగుడ్డ చూస్తుండగానే బొగ్గులా నల్లబడింది. అంతా అయిపోయిందనుకున్నాను. "పరేషాన్ కాకు, గట్లనే కావాలె," అని యాదమ్మ గొణిగింది. కాసేపటికి ఆయన చేయి తీశారు. ఊట లేదు! నా కళ్లను నేనే నమ్మలేకపోయాను.

నాలుగో రోజు బుజ్జి అడిగింది: "అక్కా, లోపల పెట్టిన బట్ట ఎప్పుడు తీస్తరు?"

"తీసుడేంది? పత్తిల ఉండే సరుకునే మందులతోని మార్చి నేస్తరు. మామూలు గుడ్డ లోపల మరిస్తే చీము పడ్తది. గిదైతే రెండు వారాల్ల నీ ఒంట్ల కలిసిపోతది," అంది యాదమ్మ.

పత్తికాయలు గీరిన తన వేళ్లను బుజ్జి తిప్పి తిప్పి చూసుకుంది. పత్తి చేలలోనే పెరిగిన నాకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది.

ఇప్పుడు నేనే పెద్ద సిస్టర్ని. మొన్న ఒక కొత్తమ్మాయి ఇంకేదో పొరపాటు చేసింది. డాక్టరు కసిరితే బిత్తరపోయి నావైపు చూసింది. నేర్పాల్సింది నేనే, నేర్పలేదు. నోరు విప్పి "నేనే చెప్పలే సార్" అనడానికి ఎంత సేపు పట్టిందో! యాదమ్మకు ఆనాడు రెప్పపాటు కూడా పట్టలేదు.