ఎల్లె వేసిన ఈల

బడి హాస్టలు వంటింట్లో రవ్నాతో కలిసి నేను చాలా ఏళ్ళు పనిచేశాను. ఎవరితోనూ తగవు పెట్టుకునే మనిషి కాదు. పిల్లలు పారేసుకున్న చేతితొడుగులన్నీ ఏరి, పొయ్యి దగ్గర ఆరబెట్టి, ఎవరివి వాళ్ళకిచ్చేది. అయినా ఆమె ఎదురైతే ఊళ్ళో ఆడవాళ్ళు పిల్లల్ని పక్కకు లాక్కునేవాళ్ళు. ఆకాశంలో గువ్సహస్ ఆడుతున్నప్పుడైతే మరీను.

గువ్సహస్ అంటే, ఉత్తరాన మంచునేలల్లో రెయిన్‌డీర్లు మేపుకునే మా సామీల మాటలో, చెవికి వినిపించే వెలుగు; చలికాలం ఆకాశంలో తెరల్లా ఆడే ధ్రువకాంతి. అది చచ్చినవాళ్ళ ఆట అనేది ఒక ముసలమ్మ, కాదు నక్క తోకతో మంచు విసురుతోందనేది ఇంకొకామె. ఒక్క సంగతిలో మాత్రం అందరిదీ ఒకటే మాట. దాని కింద ఈల వేయకూడదు. వేస్తే దిగొచ్చి మనిషిని పట్టుకుపోతుంది. రవ్నా చిన్నప్పుడు ఈల వేసి తండ్రిని పోగొట్టుకుందని ఊరంతా నమ్మింది.

జరిగింది వేరు. రవ్నాకు అప్పటికి పాలపళ్ళు ఊడుతున్నాయి. అక్క ఎల్లె కాస్త ఎదిగిన పిల్ల. సూర్యుడు మొహం చూపించని చలికాలం. మధ్యాహ్నం తిండి తిన్న కాసేపటికే ఆకాశం నల్లబడి, పచ్చటి వెలుగు లేచింది. తండ్రి హెయికా మంద దగ్గర ఉన్నాడు. అక్కచెల్లెళ్ళు గుడారం బయట పుల్లలు ఏరుతున్నారు. ఎల్లెకు హుషారు ఎక్కువ. "ఏం చేస్తుందో చూద్దామే" అని ఈల వేసింది. వెలుగు నడినెత్తి మీదికి పాకింది. మామూలుగానూ అలాగే పాకుతుంది. అదే సమయానికి మంద బెదిరింది. తోడేలు వాసన తగిలిందేమో, ఎవరికీ తెలియదు. రెయిన్‌డీర్లు నది వైపు పరుగెత్తాయి. హెయికా స్కీల మీద వాటి వెంటపడ్డాడు. నది మీది మంచు పలచగా ఉన్న చోట విరిగింది. మంచు కరిగాక గానీ శవం దొరకలేదు.

"ఈల నాకూ వినపడింది. ఎవర్తె వేసింది?" అని నాయనమ్మ ఇద్దరినీ నిలబెట్టి అడిగింది.

"రవ్నా" అంది ఎల్లె.

రవ్నా నోరు తెరిచేలోపు అక్క చెయ్యి నొక్కింది. తర్వాత బయటికి తీసుకెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చింది. "నన్నైతే చంపేస్తారే. నువ్వు పసిదానివి, నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటారు. నాకు భయమేస్తోందే, అది నాకోసం వస్తుంది. పెద్దయ్యాక నేనే చెప్తాను, ఒట్టు."

అక్క వణుకు చూసి చెల్లెలికి జాలేసింది. సరేనంది.

నాలుగు రోజులు కాదు, ఎవరూ ఎప్పటికీ మర్చిపోలేదు. వలస వెళ్ళేటప్పుడు రవ్నాను మంద దగ్గరికి రానివ్వడం మానేశారు. అరిష్టపు చేతిలో పశువు నిలవదని నాయనమ్మ, చెవులు కోసి పెట్టిన హెయికా గుర్తు ఉన్న మందనంతా ఎల్లెకు కట్టబెట్టింది. రవ్నాకు ఒక సంబంధం కుదిరినట్టే కుదిరి, పెళ్ళికొడుకు తల్లి ఆ కథ విని తిరిగిపోయింది. ఎల్లెకు మాత్రం మంచి ఇంట్లో పెళ్ళయింది.

"పెళ్ళి కానీ, చెప్తా" అనేదట ఎల్లె. అయ్యాక, "మా అత్త పోనీ" అంది. ఆ తర్వాత రవ్నా అడగలేదు. "మా అక్కకు ఇంకా భయం పోలేదు, పాపం" అని ఒకటి రెండుసార్లు నాతో అంది. దేనికి భయమని అడిగితే మాట మార్చేసింది.

ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు. అప్పుడొక ఆదివారం, చర్చి అయ్యాక, పట్నం నుంచి తూరున్ అనే అమ్మాయి ఊరి హాల్లో మాట్లాడటానికి వచ్చింది. ఆ వెలుగు మీదే ఆమె చదువు. అందరం కాఫీలు పట్టుకుని కూర్చున్నాం. సూర్యుడి నుంచి సన్నటి రేణువులు గాలిలా వీస్తుంటాయని, భూమికున్న అయస్కాంతశక్తి వాటిలో కొన్నిటిని ధ్రువాల వైపు మళ్ళిస్తుందని, అవి పైనున్న గాలిని గుద్దుకుంటే ట్యూబులైటులో లాగా వెలుగు పుడుతుందని చెప్పింది. ఆ పచ్చరంగు మనం పీల్చే ఆక్సిజనుదేనట.

రవ్నా లేచి నిలబడింది. "అమ్మాయీ, ఈల వేస్తే అక్కడిదాకా వినపడుతుందా?"

"లేదు పెద్దమ్మా. అది వంద కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ గాలి మరీ పలచన, లేనట్టే లెక్క. గాలి లేందే చప్పుడు ఎలా పోతుంది? ఫిరంగి పేల్చినా దానికి తెలీదు."

"మరి మావాళ్ళు చిటపటలు విన్నామంటారే?"

"అబద్ధమనను. నేల దగ్గరి గాలిలో ఏదో పుడుతుందని కొందరంటున్నారు. ఇంకా తేలలేదు."

"అయితే మా నాన్నను అది తీసుకుపోలేదు."

"లేదు పెద్దమ్మా. అది ఎవర్నీ తీసుకుపోదు."

ఎల్లె ముందు వరసలో మనవళ్ళ మధ్య కూర్చుని ఉంది. రవ్నా ఆమె వైపు తిరిగింది. అంత వెలిగిన మొహం ఆమెకు అంతకుముందు నేను చూడలేదు. "విన్నావా అక్కా? ఇక భయం లేదంట. చెప్పెయ్."

ఎల్లె కప్పు కింద పెట్టింది. "ఏం చెప్పమంటావే? పసితనంలో తెలీక ఈల వేశావు. నిన్నిప్పుడు ఎవరూ ఏమీ అనరులే."

ఆడవాళ్ళు రవ్నా చుట్టూ మూగారు. వీపు నిమిరారు. "పోన్లే రవ్నా, చిన్నతనం." "మేమే అనవసరంగా నిన్ను దూరం పెట్టాం." పిల్లల్ని పక్కకు లాక్కున్నవాళ్ళే కళ్ళు తుడుచుకున్నారు. చెయ్యని తప్పును ఊరు ఊరంతా క్షమించేసింది.

"ఈల వేసింది అక్క" అంది రవ్నా. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. గట్టిగా మళ్ళీ అంది. ఎవరో కుర్చీ తెచ్చి, "కూర్చో, కూర్చో, ఆయాసపడకు" అన్నారు.

హాలు వెనక గదిలో కప్పులు కడుగుతూ రవ్నా నాకంతా చెప్పింది. చెబుతుండగానే ఎల్లె శాలువా కోసం లోపలికొచ్చింది. నేనున్నానని కూడా చూడలేదు.

"అంతమందిలో అలా నిలదీస్తారటే?"

"ఇన్నాళ్ళూ నువ్వు దానికి భయపడుతున్నావనుకున్నాను."

"భయపడ్డాను. అప్పుడు."

"ఇప్పుడో?"

ఎల్లె తలుపు వైపు చూసింది. "మంద నాన్నది. ఇప్పుడది నా మనవళ్ళ బతుకు. అందులో నీ పాలెంతని రేపెవడో అడుగుతాడు. నీకిప్పుడు మందెందుకే? ఒంటిదానివి."

"ఒంటిదాన్ని ఎందుకయ్యానే?"

ఎల్లె శాలువా కప్పుకుని వెళ్ళిపోయింది. రవ్నా చేతిలోని కప్పును అలాగే నీళ్ళలో ముంచి ఉంచింది. "భయం కాదంట" అంది. "భయమైతే నేను చచ్చేదాకా మోసేదాన్ని."

మర్నాటి నుంచి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ జరిగింది జరిగినట్టు చెప్పడం మొదలుపెట్టింది. ఎల్లె అన్న మాటలు నేనూ నా చెవులారా విన్నానని సాక్ష్యం పలికాను. కొందరు నమ్మారు, చాలామంది నమ్మలేదు. ఈస్టరుకు ఎల్లె ఎండుమాంసం పంపితే, రవ్నా తెచ్చినవాడికి కాఫీ పోసి, మాంసం తిరిగి పంపించేసింది. ఎల్లె నిజం ఒప్పుకోకుండానే కన్నుమూసింది. అంత్యక్రియలకు రవ్నా చర్చికి వెళ్ళలేదు.

ఆ వారంలో కొట్టు దగ్గర పాస్టరు భార్య ఆమెను ఆపింది. "పోయినవాళ్ళ మీద కోపమెందుకు రవ్నా? ఆమె నిన్ను ఒక్కనాడూ నిందించలేదు. చిన్నపిల్ల, తెలీక వేసిందనే అనేది."

"అదే అబద్ధం" అంది రవ్నా. రొట్టె సంచిలో వేసుకుని, ఆమెకు మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.