శ్రీరామ రాసిన చేయి

ఆ కబురు నాకు మొదట తెచ్చినవాడు మా యారాలి చిన్నాయన. యారాలంటే తోడికోడలు, మా మరిది భార్య. ఆమె పుట్టిల్లు ఆలూరు దగ్గర పల్లె. మాది కమలాపురానికి రెండు మైళ్ల దూరం. ఆయన గుంతకల్లులో బండెక్కి, స్టేషన్ నుంచి ఎండలో నడిచి వచ్చి మా వాకిట్లో నిలబడ్డాడు. కాళ్లకు నీళ్లిస్తే వద్దన్నాడు.

"మా వదిన పోయెనమ్మా. నిన్న పొద్దున్నే. సందేళకే సాగనంపితిమి. బిడ్డను పిల్చుకోని పోవల్ల," అన్నాడు. అంటే మా యారాలి తల్లి. తర్వాత జేబులోంచి ఒక కార్డు తీశాడు. "ఇది ఆమె తలగడ కింద ఉన్నింది. అడ్రసు నీ చేతిదేనంట గదా? ఆ పక్క ఒక్క మాట తప్ప ఏమీ లేదేంటికి?"

తిప్పి చూశాను. పైన ఒకే మాట ఉంది, శ్రీరామ అని. కిందంతా ఖాళీ. ఆ చేతిరాత ఎవరిదో నాకు చెప్పనక్కరలేదు. నేర్పింది నేనే.

అప్పుడు కర్నూలు రాజధానిగా ఉండేది. ఆ ఏటి ఎండాకాలంలో విసుర్రాయి పైరాయిని ఎత్తబోయి కుడిచేతి మీద వేసుకున్నాను. మణికట్టు విరిగింది, రెండు వేళ్లు నలిగాయి. కట్టు కట్టే తాత వెదురు బద్దలు వేసి, "మూడు నెలలు ఈ చెయ్యి నీది కాదనుకో పాపా," అన్నాడు. ఆయన చలవ వల్లనే ఈ చేయి నిలిచింది. అయితే మద్రాసు పత్రికకు నెలనెలా ఒక కథ పంపుతానని ఒప్పుకొని అప్పటికి రెండు నెలలే అయింది. నేను బడి గడప తొక్కినదాన్ని కాదు. నాయన ఇంట్లో నేర్పిన చదువే నాది. దేవుడు పిలిచి ఇచ్చిన పనిని చేయి పేరు చెప్పి వదులుకోబుద్ధి కాలేదు.

ఎడమచేత్తో మొదలుపెట్టాను. మా అత్త తొంగిచూసి, "కోడి గెలికినట్టుండాది గదే! మద్రాసోల్లు ఒక కోడిని పెట్టుకుని చదివించుకోవల్ల," అని నవ్వింది. పది రోజులకు అక్షరం కుదుటపడింది. కానీ నాయన పలక చేతికిచ్చిన నాటి నుంచి పైన శ్రీరామ అని పెట్టకుండా నేను ఒక్క కాగితం మొదలుపెట్టలేదు. ఆ మాట ఎడమచేత్తో రాయడానికి మనసొప్పలేదు. రాయకుండా కథ మొదలుపెట్టడానికీ ఒప్పలేదు. మగవాళ్లు చీకటితోనే సేద్యానికి పోయేవారు. ఇంట్లో ఉన్న ఆడవాళ్లలో నాకు తప్ప ఎవరికీ అక్షరం రాదు.

ఆ రోజుల్లో సంగటి ముద్ద చేసి నా నోట్లో పెట్టింది యారాలే. నా తల దువ్వింది, నా వంతు నీళ్లు కూడా మోసింది. ఒకనాడు ముద్ద పెడుతూనే, "ఆ ఒక్క మాటే గదా! నేను రాస్తా, చూపీ అక్కా," అంది.

నా కుడిచేతి రాత ఉన్న పాత కాగితం ఒకటి ఆమె ముందు పెట్టాను. వసారా గోడకు ఆనించిన కడప బండ మీద, సుద్దముక్కతో, నాలుగు రోజులు దిద్దింది. "ఈ శ్రీ ఏంటిదక్కా, తేలు మాదిరి తోకెత్తుకోనుండాది," అని విసుక్కుంది. ఐదోనాడు స్నానం చేసి వచ్చి కాగితం మీద రాసింది. వంకరగా ఉన్నా ఏ అక్షరమూ తప్పిపోలేదు. అప్పటినుంచి నా ప్రతి కాగితం మీదా మొదటి మాట ఆమెదే. "కత బాగుంటే నా గొప్ప, బాగలేకుంటే నీ తప్పు," అనేది.

అప్పుడే అడిగింది. "అక్కా, మిగిలిన అక్షరాలు గూడా చెప్పీ. మాయమ్మకు కార్డు రాయల్ల."

"నువ్వు చెప్పు, నేను రాస్తాను కదా."

"నువ్వు రాస్తే నీ రాత అయితాది. నా చేత్తో రాయల్ల."

"చేయి బాగుపడనీ. ఎడమచేత్తో ఏం నేర్పగలను?" అన్నాను. శ్రీరామకు పాత కాగితం చాలినప్పుడు మిగిలినవాటికి చాలదా? ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు.

దసరా నాటికి చేయి స్వాధీనంలోకి వచ్చింది. పైమాట కూడా నేనే రాసుకోవడం మొదలుపెట్టాను. ఆమె పని తీర్చుకొని వచ్చి పక్కన కూర్చునేది. "నేను రాయనా అక్కా?" అంటే, "వద్దులే, చేయి వచ్చింది కదా," అనేదాన్ని. రెండు మూడు సార్లు సుద్దముక్క తెచ్చి నా కాగితాల పక్కన పెట్టింది. ఈ నెల కథ పంపాక చూద్దాం అన్నాను, ఆ పై నెలా అదే అన్నాను. తర్వాత ఆమె అడగడం మానేసింది.

చలికాలంలో ఒకనాడు కార్డు పట్టుకొని వచ్చింది. "ఈ పక్క అమ్మ అడ్రసు రాసీ. ఆ పక్క నేను చూసుకుంటా," అంది. మరిదితో రాయించుకుంటుందేమో అనుకున్నాను. తల ఎత్తకుండానే అడ్రసు రాసిచ్చి నా కథలోకి పోయాను.

"వదిన దాన్ని పోస్టాయన దగ్గరికి ఎత్తుకపోయె, బడి అయ్యవారి దగ్గరికి ఎత్తుకపోయె," అని చిన్నాయన చెబుతూనే ఉన్నాడు. "శ్రీరామ అని ఉండాది, అంతే అంటిరి. మొదలుపెట్టి ఆపేసిందంటే పిల్లకు ఏం కష్టమొచ్చెనో అని ఒకటే బాధ. మల్ల కార్డు వస్తాదిలే అంటిమి. జబ్బు మనిషి, రాలేకపాయ."

ఇంతలో యారాలు చేని నుంచి గడ్డిమోపుతో వచ్చింది. ఆ ఏడుపు గురించి నేను రాయను. సాయంత్రం బండికి బయలుదేరేటప్పుడు, నా చేతులారా మూట కట్టి ఇస్తూ అడిగాను, అమ్మకు ఏం రాయాలనుకున్నావని.

"ఏముందక్కా. నేను ఈడ బాగుండానని. వేరేవాళ్లతో రాయిస్తే అమ్మ నమ్మదు. అత్తింటోళ్లు పక్కన కూచోని చెప్పించిన మాట అంటాది. నా చెయ్యి చూస్తే నమ్ముతాదనుకుంటి. వచ్చిన మాట అదొకటే గదా, అదే రాస్తి."

ఆ గొంతులో నా మీద నిష్ఠూరం లేదు. ఉంటే కొంత తేలికపడేదాన్ని.

తల్లి పెద్దదినం కర్మ అయ్యాక తిరిగి వచ్చింది. నేను సుద్దముక్క, పాత కాగితాలు ముందే తీసి పెట్టి, "రా, ఈరోజే మొదలుపెడదాం," అన్నాను.

"ఇంక ఎవురికి రాయల్లక్కా?" అని, ఎనుములకు కుడితి పెట్టడానికి పోయింది.

చేయి తిరిగి ఇచ్చిన దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. చేయి లేని ఆ నెలల్లో ఒక్క కథ కూడా తప్పలేదు. అవి తప్పిపోకుండా చేసిన మనిషికి నేను మిగిలిన అక్షరాలు ఇవ్వలేదు. పత్రికవాళ్లు పైమాట వదిలేసి కథ పేరు నుంచి అచ్చు వేసేవారు. కాబట్టి ఆమె రాసింది ఒక్కటి కూడా ఎవరి కంటా పడలేదు. ఆనాటి నా కథలు మీ ఇంట్లో ఎక్కడైనా ఉంటే, పేరుకు పైన కొంచెం ఖాళీ జాగా కనిపిస్తుంది. అది చూసినప్పుడు నన్ను కాదు, మా యారాలిని ఒక్కసారి తలచుకోండి.