బ్రిటిష్ బీటు తనిఖీ

ఆ రోజుల్లో ఒక మాటకు ఒకటే అర్థం ఉంటుందని, దాన్ని డైరీలో రాసిపెట్టుకుంటే ఇక మారదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఇందులో నా ఉద్యోగం పాత్ర కూడా కొంత ఉంది. గోదావరి దాటి, భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న ఒక ఫారెస్టు రేంజి ఆఫీసులో నేను కొత్త గుమాస్తాను. మా దగ్గర బీటు అంటే ఒక గార్డు కాపలా కాసే అడవి ముక్క. బీటు మ్యాపు, బీటు రిజిస్టరు, బీటు గార్డు. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని ఎవరైనా అంటే రుజువు చూపమనేవాణ్ణి. (నాకు 'రుజువు సారు' అని పేరు పెట్టింది మా వాచరు తాత. నా ముందు మాత్రం ఎన్నడూ అనలేదు.)

నా ప్రొబేషను ఆ నెలాఖరుకు ముగుస్తుంది. ఉద్యోగం పర్మినెంటు కావాలంటే రేంజరు గారు నా మీద మంచి రిపోర్టు రాయాలి. సరిగ్గా అప్పుడే ఒక బుధవారం డివిజను ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఆ గరగరలో వినిపించినంత మేరకు రాసుకున్నాను: 'శనివారం పొద్దున బంగళాకు బ్రిటిష్ బీట్ గ్రూపు. వెనక బ్యాకింగ్ బ్యాండు. దొరగారు కుటుంబంతో వస్తారు. ఏర్పాట్లు చూడండి.' మూడుసార్లు చదివాను. ఏటికి ఇవతలి అడవిలో హద్దురాళ్లు పాతించి బీట్లు గీసింది తెల్లదొరలే కనుక, ఇప్పుడు వాటిని గ్రూపులుగా కలపడానికి వాళ్లే మళ్లీ వస్తున్నారని తేల్చాను. (స్వాతంత్ర్యం వచ్చి ఇరవై ఏళ్లు దాటాక ఎందుకు వస్తారన్న అనుమానం కూడా రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.) బ్యాకింగ్ బ్యాండు దగ్గర మాత్రం బుర్ర ఆగిపోయి, తాతను అడిగాను.

"ఎనకాల బ్యాండంటే ఇంకేముంది సారూ, ఊరేగింపే. ముందల దొర నడుస్తడు, ఎనక మేళం వాయిస్తది. మా మనవరాలి పెండ్లికి గట్లనే జేసినం."

టూరు నుంచి వచ్చిన రేంజరు గారికి కాగితం చూపించాను. ఆయన చాలాసేపు చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివి, "బీట్ గ్రూపంటే నాకు తెల్వదా ఏందయ్యా? అంతా తెలుసు. నువ్వే చూసుకో. తేడా వచ్చిందో, నీ రిపోర్టు కూడా గట్లనే ఉంటది" అన్నారు. (ఆయనకూ తెలియదని నాకు అర్థం కావడానికి పదేళ్లు పట్టింది.)

శనివారానికి హద్దురాళ్లకు సున్నం కొట్టించాను. మా ఫారెస్టు బంగళా ముందు ఐదుగురు గార్డులను రిజిస్టర్లతో వరసగా నిలబెట్టాను. వాళ్ల వెనక, భద్రాచలం నుంచి పిలిపించిన పెళ్లి మేళం ఎర్రకోట్లు తొడుక్కుని సిద్ధం. తొమ్మిదింటికి జీపు వచ్చింది. చెవులు కప్పే జుట్టు, బిగుతు ప్యాంట్లు, చేతుల్లో గిటార్లతో ముగ్గురు కుర్రవాళ్లు దిగారు. "అబ్బ, ఏం దుమ్మురా బాబూ!" అన్నాడొకడు. బ్రిటిష్ వాళ్ల తెలుగు ఇంత బాగుంటుందని నేను అనుకోలేదు. అయినా ముందున్న అతని మెడలో దండ వేసి, "ముందు ఏ బీటు చూస్తారు సార్?" అన్నాను.

"మీకు ఏ బీట్ కావాలి? స్లోనా, ఫాస్టా?"

"మా ఉత్తరం బీటు చాలా చిక్కటిది సార్. ఫాస్టుగా పోతే ముళ్లు గీసుకుంటాయి."

అతను తన స్నేహితుల వంక చూశాడు. నేను గార్డుల వంక చూశాను. ఇద్దరికీ సాయం అందలేదు. కాసేపటికి కొంచెం కొంచెంగా సంగతి బయటపడింది. దొరగారంటే మా డివిజను ఆఫీసరే, అతను ఆయన మేనల్లుడు. ముగ్గురూ పాల్వంచ థర్మల్ స్టేషను కాలనీ పిల్లలు. ఇంగ్లండులో అప్పట్లో ఊరూరా పుట్టుకొచ్చిన బీట్ గ్రూపుల పాటలు రేడియోలో విని నేర్చారట. బీట్ అంటే తాళం. ముందు నిలబడి ఒకడు పాడతాడు, వెనక వాయించేవాళ్లు బ్యాకింగ్ బ్యాండు. దొరసాని గారి పుట్టినరోజుకు పాడాలని వచ్చారు. కానీ డ్రమ్ములబ్బాయి జ్వరంతో ఇంట్లో పడుకున్నాడు. గిటార్లు మోగాలంటే కరెంటు కావాలి, మా బంగళాలో కరెంటు లేదు. (కరెంటు తయారయ్యే ఊరివాళ్లకు అది లేని చోటు ఉంటుందని తోచలేదు, పాపం.)

అంతలో దొరగారి కారు గేటు దాటింది. "ముంచినవ్ గదయ్యా!" అని రేంజరు గారు నా చెవిలో అన్నారు. మేనల్లుడి మొహం నాకంటే పాలిపోయింది. అప్పుడు క్లారినెట్టు పట్టుకున్న మేళం పెద్దాయన ముందుకొచ్చి అతని భుజం తట్టాడు.

"ఇంగిలీసు పాటనా బాబూ? నువ్వు ముందల పాడు, మేం ఎనకనుంచి అందుకుంటం. నీకంటే బెదిరిన పెండ్లికొడుకులను శానామందిని నడిపించినం."

అతను పాడాడు. రెండు చరణాలు ఒంటరిగా వణికాయి. మూడో చరణంలో డోలు పడింది. క్లారినెట్టు కొంతదూరం ఇంగ్లండు వైపు నడిచి, దారి తప్పి అప్పగింతల పాటలోకి వెళ్లి, మళ్లీ తిరిగొచ్చింది. గార్డులు రిజిస్టర్ల మీదే తాళం వేస్తున్నారు. ఎవరు ఎవరి వెనక పోతున్నారో నాకైతే అంతుపట్టలేదు. దొరసాని గారు చప్పట్లు కొడుతున్నారు. దొరగారు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఈ బ్యాండు ఆలోచన ఎవరిదయ్యా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపు "నాదే సార్" అన్నారు రేంజరు గారు.

నా ఉద్యోగం పర్మినెంటు అయింది. రిపోర్టులో ఒకటే వాక్యం: 'ఇతడు వెనక నిలబడి పని చేయగలడు.' ఆ వాక్యం నన్ను చాలా ఏళ్లు పొడుస్తూనే ఉంది.

మొన్న మా మనవరాలు ఫోనులో ఆ కాలపు గ్రూపు ఒకదాన్ని చూపించింది. బొమ్మ నలుపు తెలుపు. పాడేవాణ్ణి చూసి ఆడపిల్లలంతా కేకలు పెడుతున్నారు. అతని వెనక ఒక మనిషి తల వంచుకుని, తన తీగలు తాను చూసుకుంటూ వాయిస్తున్నాడు. అతని పేరేమిటని అడిగితే "ఎవరో తాతయ్యా, బ్యాకింగ్" అంది. అతని కోసమే ఇంకోసారి పెట్టమన్నాను.

తర్వాత పాత డైరీ తీశాను. ఆ శనివారం పేజీలో గుండ్రటి అక్షరాలతో 'బ్రిటిష్ బీటు తనిఖీ పూర్తి. తేడాలు లేవు' అని ఉంది. ఎంత ధీమా ఆ కుర్రవాడికి! పెన్సిలు తీసుకుని, కింద చిన్నగా చేర్చాను: 'ఏ బీటు అన్నది ఇంకా తేలలేదు.'