నొక్కని స్విచ్‌కి వెలిగిన బల్బు

నేను డిప్లొమా చదివేటప్పుడు చేజర్లలో పెదనాన్నకు, మా నాయనకు, చిన్నాన్నకు కలిపి ఒకటే బోరు. నీళ్ల వంతుల గొడవ తీరాలని, ముందు స్విచ్ నొక్కినవాళ్ల బల్బు వెలిగి, ఆ వంతు వాళ్లదయ్యేలా ఒక పెట్టె చేశాను. దాని సర్క్యూట్ బోర్డులో ఒక్క పిన్నే మిగలడంతో మూడు స్విచ్‌లనూ వేర్వేరు రెసిస్టర్లతో దానికే కలిపాను; పిన్నుకు అందే వోల్టేజీ తేడాను బట్టి ఎవరు నొక్కారో బోర్డు గుర్తుపడుతుంది.

నాయన ఆత్మకూరు వెళ్లిన రోజు పెదనాన్న, చిన్నాన్న ఒకేసారి నొక్కారు. రెండూ కలిసేసరికి పిన్నుకు మూడో స్విచ్ నొక్కినట్టే తోచింది. నాయన బల్బు వెలిగింది.

"ఊళ్లో లేనోడికి నీళ్ల వంతు ఎట్టా వచ్చిందిరా? మమ్మల్ని ముంచేదానికే ఈ పెట్టె చేసినావా?" అంటూ పెదనాన్న వైర్లు పీకేశాడు. ఎంత చెప్పినా వినలేదు. ఆ రోజుతో పొత్తు చెడింది. ఒకరిని ఒకరు మోటారు వేయనివ్వలేదు. ముగ్గురి వరి కయ్యలూ ఎండిపోయాయి.

తర్వాత పెద్ద బోర్డు పెట్టి స్విచ్‌కొక పిన్ను ఇచ్చాను. ఇప్పుడు ఎవరు నొక్కితే వారి బల్బే వెలుగుతుంది. నొక్కడానికే ఎవరూ రారు.