ఫోటోలో నల్ల పట్టీ

భర్త పోయిన స్త్రీ ఎదురైతే శుభం చెడుతుందని ఎవరైనా అన్నప్పుడు మీరు ఎన్నిసార్లు నోరు మూసుకున్నారు? నేను ఒకసారి మూసుకున్నాను. ఆ రోజు మాట్లాడింది ఒక ఫోటోగ్రాఫరమ్మ.

గచ్చిబౌలిలో మా కంపెనీ కొత్త ఆఫీసు ప్రారంభానికి ఆమె వచ్చింది. ఎవరేమన్నా ఆమెది ఒకటే మాట: "తీసి చూద్దం."

కెమెరాను నిలువుగా తిప్పి తీసిన తొలి ఫోటోలో కుడి అంచున నిలువునా నల్ల పట్టీ పడింది. అక్కడ నిలబడింది ఈమధ్యే భర్త పోయిన మా రిసెప్షనిస్టు. "శుభమా అని మొదలుపెడుతున్నామండి, ఆవిడను కాస్త పక్కకు వెళ్లమనండి," అన్నాడు మేనేజరు. రిసెప్షనిస్టు తల దించుకుని కదిలింది.

"ఆగక్కా," అంది ఫోటోగ్రాఫరమ్మ. "సార్, ఆ జాగల మీరు నిలవడుండ్రి. తీసి చూద్దం."

ఫ్లాష్ వెలిగింది. పట్టీలో ఈసారి మేనేజరు!

"ఏంటండీ ఇది?"

"తప్పు నాదే సార్. అద్దాలల్ల ఎండ ఎక్కువుందని షట్టర్ స్పీడ్ మస్తు పెంచిన. వైర్‌లెస్ ఫ్లాష్ వెలిగేలోపే కెమెరాల పరదా మూసుకుంటున్నది. గా పరదా నీడే ఇది. ఎవరి మొగుడు పోయిండో దానికెట్ల తెలుస్తది?"

హాలంతా నవ్వింది. ఆమె షట్టర్ వేగం తగ్గించింది, లెన్స్ రంధ్రం చిన్నది చేసి ఎండను అదుపులో పెట్టింది, కెమెరా మీది ట్రిగ్గర్‌తో దూరంగా ఉన్న ఫ్లాష్ బలం పెంచింది. రిసెప్షనిస్టును నడిమధ్య నిలబెట్టి మళ్లీ తీసింది. పట్టీ లేదు. అన్ని మొహాలూ ఒకేలా వెలిగాయి.

మీ ఇంటి శుభకార్యంలో తలుపు వెనక నిలబడే స్త్రీ ఉందా? వెళ్లండి, చెయ్యి పట్టుకుని ముందు వరుసలోకి తీసుకురండి.