బండి తాగిన పెట్రోలు

పెట్రోలు దొంగ అన్న పేరు అతనికి ఒక్క చలికాలంలో వచ్చింది. అంతకుముందు కొన్నేళ్ళపాటు మంచి డ్రైవరు అన్న పేరే ఉండేది. మంచి పేరు రావడానికి ఏళ్ళు పడుతుంది, పోవడానికి ఒక పూట చాలు. ఈ సంగతి అందరికీ తెలుసు, తెలిసి ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

కళ్ళజోళ్ళ షాపు యజమాని కారు అది. ఆ ఉద్యోగం వేయించింది అతని భార్యకు అన్న, అదే షాపులో లెక్కలు చూసే మనిషి. మా చెల్లెలి మొగుడు, పూచీ నాది అని చెప్పి మరీ పెట్టించాడు. తిరుగుడంతా ఊళ్ళోనే. ఇంటి నుంచి షాపు, షాపు నుంచి బ్యాంకు, మధ్యాహ్నం భోజనానికి మళ్ళీ ఇల్లు. ఇంజను కాస్త వేడెక్కేలోపే దిగే చోటు వచ్చేసేది.

ఆ ఏడు చలి మామూలు చలి కాదు. పొద్దున్నే అద్దం మీద మంచు గీకితే గాని దారి కనిపించేది కాదు. యజమాని తల్లికి కీళ్ళ నొప్పులు, చల్లటి సీటులో కూర్చోలేదు. అందుకని ఆవిడ గడప దాటేసరికి బండి వెచ్చగా ఉండాలని యజమానే హుకుం వేశాడు. అతను రోజూ ముందే వచ్చి, ఇంజను ఆన్ చేసి, హీటరు పెట్టి, చేతులు నలుపుకుంటూ బయట నిలబడేవాడు. నిలబెట్టి నడిపినంత మాత్రాన ఇంజను గాలి తాగి బతుకుతుందా? లీటరుకి పదిహేను ఇచ్చే బండి పదికి దిగింది.

ఇక్కడే మహానుభావుడు పప్పులో కాలేశాడు. తనంతట తానే యజమాని దగ్గరికి వెళ్ళి, చలికి బండి ఎక్కువ తాగుతోందండీ అని చెప్పాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్ళని చూశాం గాని, ఎవరూ ఏమీ అనకముందే తడుముకున్నవాణ్ణి ఇతన్నే చూశాం. అప్పటిదాకా పెట్రోలు సంగతి పట్టని యజమాని, ఆ పూటే లెక్కలు చూసే ఇతని బావమరిది చేత బంకు రశీదులన్నీ తీయించాడు. కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలి కదా. పేరు పెట్టడానికి అంతకంటే ఏం కావాలి?

షాపులో అందరి ముందూ నిలబెట్టి అడిగారు. అతను మళ్ళీ అదే మాట చెప్పాడు. చలి, హీటరు, చిన్న చిన్న తిరుగుళ్ళు. బండికి స్వెట్టరు కుట్టిద్దామా అని ఎవరో అన్నారు. అందరూ విరగబడి నవ్వారు. పూచీ ఉన్న పెద్దమనిషి తల వంచుకుని రశీదులే చూస్తూ కూర్చున్నాడు, ఒక్క మాట సాయం రాలేదు. తాళాలు అక్కడే బల్ల మీద పెట్టించి పంపేశారు.

ఆ సాయంత్రం జ్వరంతో పడుకున్న పిల్ల పక్కన కూర్చుని భార్యకు జరిగిందంతా చెప్పి, నేను తియ్యలేదే అన్నాడు. సరేలే, ముందు అన్నం తిను అందామె.

ఆ తర్వాత తాళాలిచ్చినవాడు లేడు. ఆ పేరు అతని కంటే ముందే వెళ్ళి ప్రతి గుమ్మంలోనూ కూర్చునేది. చివరికి బళ్ళు కడిగే షెడ్డులో చేరాడు. రోజంతా చన్నీళ్ళలో నాని చేతులు పగిలి నెత్తురు కారేవి. అక్కడా అతన్ని 'స్వెట్టరు' అనే పిలిచేవాళ్ళు. బావమరిది ఇంటికి రావడం మానేశాడు. ఎవరేమన్నా పళ్ళ బిగువున భరించాడంటే, ఇంట్లో మనిషి ఒక్కనాడూ తీశావా అని అడగలేదు కదా అన్న ధైర్యంతోనే. లోకమంతా ఒకవైపున్నా అది నావైపుంది అనుకునేవాడు.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఒక పొద్దున ఆ కారే షెడ్డులోకి వచ్చింది. యజమానే నడుపుకుంటూ వచ్చాడు. అద్దం సగం దించి, అటూ ఇటూ చూసి, దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"నువ్వన్నదే నిజమయ్యా. నేను నడిపినా అంతే తాగుతోంది. మెకానిక్కుని అడిగితే చలికి అంతేనన్నాడు."

అతను తడి చేతులు తుడుచుకుని అద్దం దగ్గరికి వంగాడు. "ఆ మాట షాపులో ఒక్కసారి చెప్పండి. మా బావమరిది వింటే చాలు."

"ఇప్పుడవన్నీ కెలకడం ఎందుకు? నేను పొరపాటు పడ్డానని పనివాళ్ళ ముందు చెప్పుకోమంటావా? మళ్ళీ పనిలోకి రా, గతం మర్చిపో. పెట్రోలు మాత్రం నేనే పోయిస్తాలే."

చూశారా మర్యాద! దొంగవి కాదంటూనే ట్యాంకు మూత తన చేతిలో పెట్టుకున్నాడు. అతను కారు కడిగి తుడిచి పంపించాడు. కోపం ఉంది గాని, దాన్ని మించిన సంతోషం కూడా ఉంది. ఎవరికీ చెప్పకపోతేనేం, ఇంట్లో చెప్పుకోవచ్చు. నా మీద నీ నమ్మకం వమ్ము కాలేదే అని చెప్పాలనుకుంటూ పని కాగానే పరుగున ఇంటికి వెళ్ళాడు.

భార్య బట్టలు మడత పెడుతోంది. అంతా విని, చేతిలో చొక్కాతోనే కింద కూలబడి, మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"హమ్మయ్య. అయితే నువ్వు నిజంగానే తియ్యలేదన్నమాట."

అతను ఆమె మొహం మీది చొక్కా పక్కకి తీశాడు. "తీశాననుకున్నావా?"

"పిల్లకి ఒంట్లో బాగోలేని రోజులు కదా అవి. మందుల కోసం తీసుంటావులే అనుకున్నాను. మా కోసమే కదా చేశాడు, అడిగి ఇంకా చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నా."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నదంతా ప్రేమే, అందుకే అది అతన్ని నిలువునా కోసింది. ఏడాదిపాటు దొంగ అనుకుంటూనే వండిపెట్టింది, పగిలిన చేతులకు నూనె రాసింది. అంత మంచి మనిషిని ఏమని తిట్టాలి?

ఆమె కళ్ళు తుడుచుకుని ఫోను అందుకుంది. మొహం వెలిగిపోతోంది. "అన్నయ్యకి ఇప్పుడే చెప్తాను. యజమానే స్వయంగా చెప్పాడంటే ఇంకెందుకు నమ్మడు?"

"నేనూ చెప్పాను కదే, ఏడాది కిందటే," అన్నాడు అతను.

అవతల ఫోను మోగుతోంది. ఆమె చెయ్యి చెవి దగ్గర నుంచి మెల్లగా కిందికి దిగింది.